కట్టప్ప ఎందుకు బానిసయ్యాడు?

(పల్నాడులోని ఒక పల్లెలో అంబేద్కర్ జయంతి సభలో మా పత్రిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పిలిచినవాళ్లు "రాజ్యాంగం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చెప్తాం. కాకపోతే నిన్న రాత్రి మేము ఊళ్లో దిగేసరికి సంఘం హాలు ముందు తెర కట్టి బాహుబలి సినిమా వేస్తున్నారు. పిల్లలు, ముసలోళ్లు, కూలికి పోయి వచ్చిన ఆడోళ్లు అంతా చేరారు. మేమూ కూర్చుని చూశాం. యుద్ధం వచ్చినప్పుడు ఈలలు వేసినవాళ్లలో మేమూ ఉన్నాం, అబద్ధం చెప్పం. సినిమా అయిపోయాక ఒక తమ్ముడు మా దగ్గరకొచ్చి అడిగాడు: "అన్నా, అట్లాంటి రాజు ఒక్కడుంటే మనకీ బాధలు ఉండవు గదా?"

రాత్రి జవాబు చెప్పలేకపోయాం. పడుకున్నాక కూడా ఆ మాటే తిరిగింది. ఎందుకంటే ఆ తమ్ముడు అడిగింది సినిమా గురించి కాదు, మన బతుకు గురించి. అందుకని ఇయ్యాల ఆ ప్రశ్నకే జవాబు చెప్తాం. అది చెప్తే రాజ్యాంగం గురించి చెప్పినట్టే.

"సినిమాయే గదా, వదిలెయ్యండి" అని ఎవరన్నా అనొచ్చు. మొదటి భాగం 2015 జూలై 10న వచ్చింది. జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు తెచ్చుకుంది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చి, వెయ్యి కోట్ల వసూళ్లు దాటిన మొదటి భారతీయ సినిమా అయింది. 2025 అక్టోబర్ 31న రెండు భాగాలూ కలిపి ఒకే సినిమాగా మళ్లీ వదిలారు. అంటే పదేళ్లుగా మన పిల్లల బుర్రల్లో ఆ రాజ్యం నిలిచి ఉంది. ఒకప్పుడు హరికథ, బుర్రకథ చేసిన పని ఇయ్యాల సినిమా చేస్తంది. పురాణం కూడా కథే గదా! కథేనని వదిలేస్తే అది మన నెత్తి మీద ఎన్నేళ్లు కూర్చుందో మీకు తెలుసు.

ఆ రాజ్యంలో ఎవరెవరున్నారు?

మాహిష్మతి కల్పించిన రాజ్యం. పేరు మాత్రం పాతది. పురాణాల్లో అది హైహయ రాజుల పట్నం, కార్తవీర్యార్జునుడి రాజధాని. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున ఉన్న మహేశ్వర్ అదేనని చాలామంది చెప్తారు. సినిమా రాజ్యానికి దానితో పేరు తప్ప వేరే పొత్తు లేదు.

ఇప్పుడా రాజ్యాన్ని పైనుంచి కిందకి లెక్కపెట్టుకుంటూ రండి. అన్నిటికన్నా పైన సింహాసనం. దాని పక్కన రాణి శివగామి. ఆమె నోట ఏది వస్తే అదే చట్టం. చెయ్యి అవిటిదని తనకు రాజ్యం దక్కనియ్యలేదని పళ్లు నూరే బిజ్జలదేవుడు. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు, ఒకడు మంచోడు, ఒకడు చెడ్డోడు. వాళ్ల కింద సైన్యం. సైన్యం కింద తాళ్లు లాగే జనం, కొరడా దెబ్బలు తినే జనం. జలపాతం కింద అడవి మనుషులు. రాజ్యం హద్దు అవతల నల్లటి కాలకేయులు.

ఈ వరస ఎక్కడన్నా చూసినట్టు లేదూ? ఊరి నడుమ గుడి, గుడి చుట్టూ పెద్దోళ్ల ఇళ్లు, తర్వాత చేతిపనుల కులాల వీధులు, ఊరు దాటినాక పల్లె, పల్లె అవతల ఎరుకలోళ్లు, యానాదులు. కోటగోడలకు రంగులేసి బంగారం పూశారు గానీ, లోపల ఉన్నది మన ఊరి పటమే.

ఆ అంత పెద్ద కోటకు రాళ్లు మోసిందెవరు? అన్ని వేల కత్తులకు ఇనుము కరిగించిందెవరు? అన్ని డాళ్లకు తోలు ఊనిందెవరు? అన్ని గుర్రాలకు గడ్డి కోసిందెవరు? సినిమా ఆ సంగతి అడగదు. అడిగిన ఒక్కచోటు ఉంది, దాన్ని బాగా చూడండి. భల్లాలదేవుడు తన బంగారు విగ్రహం నిలబెట్టిస్తాడు. వందల మంది తాళ్లు పట్టి లాగుతుంటారు. విగ్రహం ఒరుగుతుంది, జనం దాని కింద నలిగిపోబోతారు. అప్పుడు కథానాయకుడు వచ్చి తాడు పట్టుకుని ఆపుతాడు. జనం అతని తండ్రి పేరు పెట్టి అరుస్తారు. మనకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ తాడు బలంతో నిలబడింది ఎవరి విగ్రహం? వాళ్ల నడుములు విరిచిన రాజుదే! మంచోడొచ్చి జనాన్ని కాపాడాడు, దాంతోపాటు దుర్మార్గుడి విగ్రహమూ నిలబడింది. కథ చివర ఆ విగ్రహం తల తెగి ఏట్లో కొట్టుకుపోతుంది. సంతోషమే. అయితే తాళ్లు లాగినవాళ్లు ఆ తర్వాత ఏమయ్యారో సినిమా చెప్పదు. సింహాసనం మీద మనిషి మారాడు. అంతటితో కథ అయిపోయింది.

కట్టప్ప ఇచ్చిన మాట ఎవరిది?

2015 నుంచి 2017 దాకా రెండేళ్లు దేశమంతా ఒకటే ప్రశ్న. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? టీకొట్ల దగ్గర అదే, బస్సుల్లో అదే, ఫోన్లలో అదే. రెండో భాగంలో జవాబు చెప్పారు. రాణి చంపమంది, చంపాడు. నువ్వు చంపకపోతే నేనే చంపుతానంది, అందుకని తన చేతులతో పెంచినవాణ్ణి వెనకనుంచి పొడిచాడు.

ఇన్ని కోట్ల మందిలో ఎంతమంది అడిగారు, అసలు కట్టప్ప ఎందుకు బానిసయ్యాడని?

సినిమాలోనే జవాబుంది. ఆయుధాలమ్మే అస్లం ఖాన్ అనే పరదేశి కట్టప్ప కత్తిసాము చూసి ముచ్చటపడి, నీకు స్వేచ్ఛ కొనిస్తాను రమ్మంటాడు. కట్టప్ప రానంటాడు. తన తాతముత్తాతలు సింహాసనానికి బానిసలుగా ఉంటామని మాటిచ్చారంట. ఆ మాట తన పిల్లల పిల్లలకు కూడా కట్టుబాటంట. హాల్లో చప్పట్లు. ఎంత విశ్వాసం! ఎంత నీతి!

అన్నలారా, తండ్రి చేసిన అప్పు కొడుకు మీద, కొడుకు నుంచి మనవడి మీద పడితే దాన్ని మనమేమన్నాం? వెట్టి అన్నాం. కట్టప్ప ఎన్నడూ మాట ఇవ్వలేదు. పుట్టకముందే అతని తరఫున ఎవరో ఇచ్చారు. పుట్టుకతో వచ్చేది మాట కాదు, కులం. సినిమా ఆ కులానికి విశ్వాసం అని పేరు పెట్టింది. మనకు ఆ పేరే ప్రమాదం. కొరడా దెబ్బను తెలుసుకోవచ్చు, ఎదురు తిరగొచ్చు. పొగడ్త వేసిన సంకెల కనిపించదు.

నైజాం రాజ్యంలో భగేలా అనే పద్ధతి ఉండేది. పెళ్లికో, చావుకో దొర దగ్గర నాలుగు రూపాయలు తీసుకున్న మాల మాదిగ మనిషి దొర పొలంలో ఏళ్ల తరబడి పనిచేసినా ఆ అప్పు తీరేది కాదు. తండ్రి పోతే కొడుకు వచ్చి ఆ కాడి కిందే తల పెట్టాలి. 1936లో నైజాం ప్రభుత్వమే భగేలా ఒప్పందాల మీద ఒక శాసనం చెయ్యాల్సి వచ్చింది. చేసినా గడీల్లో వెట్టి పోలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక, ఊళ్లకు ఊళ్లు లేచాక గడీలు కదిలాయి. మన వైపు గడి అనలేదు, మన మనిషిని పాలేరు అన్నారు. పేరు వేరు, కాడి ఒకటే. దేశమంతటికీ వెట్టి రద్దు చట్టం వచ్చింది 1976లో. అంటే ఈ సభలో కూర్చున్న పెద్దవాళ్లు చాలామంది ఆ చట్టం కన్నా ముందు పుట్టినవాళ్లు. కట్టప్ప కథ మనకు పాతకాలపు కథ కాదు.

ఆ సినిమా పోస్టరు ఒకటి మీకు గుర్తుండే ఉంటుంది. కట్టప్ప మోకాళ్ల మీద కూర్చుని యువరాజు పాదం తన నెత్తిన పెట్టుకుని ఉంటాడు. అతనికి వయసులో పెద్దోడు, కత్తిలో గురువు, సైన్యంలో అందరికన్నా అనుభవం ఉన్నోడు. బాహుబలి అతన్ని మామా అని నోరారా పిలుస్తాడు. పిలుపులో ప్రేమ ఉంది, మేము కాదనం. కానీ మామా అని పిలిచినవాడు ఒక్కపూట కూడా "మామా, ఈ రోజు నుంచి నువ్వు బానిసవు కాదు" అన్నాడా? అన్నాడని సినిమాలో లేదు. మంచి దొర మనల్ని వరస పెట్టి పిలుస్తాడు. కాగితం మాత్రం చింపడు.

కాలకేయులు ఎవరు?

ఇక రెండో సంగతి. కాలకేయులు. వాళ్లందరి ఒంటికీ నల్లరంగు పూశారు. పళ్లు, కళ్లు, జుట్టు చూడగానే అసహ్యం పుట్టేట్టు తయారుచేశారు. వాళ్ల కోసం కిలికి అని కొత్త భాష కూడా పుట్టించారు. మదన్ కార్కి అనే తమిళ రచయిత 750 దాకా మాటలు, వ్యాకరణంతో సహా కట్టాడు. అంత కష్టపడి భాష కట్టిందీ దేనికంటే, వాళ్లు మాట్లాడుతుంటే మనకు అర్థం కాకూడదు, నవ్వు రావాలి, భయం రావాలి. కాలకేయులకు ఇల్లు ఎక్కడ? పిల్లలున్నారా? ఏ దేవుణ్ణి కొలుస్తారు? ఏ ఆకలి వాళ్లను ఇంత దూరం తెచ్చింది? ఏమీ లేదు. వాళ్లు చావడానికే తెర మీదకొచ్చారు.

కాలకేయులనే పేరు మహాభారతంలోది. అక్కడ వాళ్లు రాక్షసులు. హిరణ్యపురమనే వాళ్ల పట్నం మీదకు అర్జునుడు పోయి చంపాడని కథ. పురాణంలో రాక్షసుడంటే ఎవరు అని మొదట గట్టిగా అడిగినవాడు జోతిరావు ఫూలే. 1873లో గులాంగిరి పుస్తకం రాసి, అవతారాల కథలన్నీ ఈ నేల మీద ఉన్నవాళ్లను ఓడించినోళ్లు రాసుకున్న కథలని, బలి చక్రవర్తి రైతుల రాజని చెప్పాడు. ఓడిపోయినవాడి కథ గెలిచినవాడు రాస్తే ఓడినవాడికి కోరలొస్తాయి, కొమ్ములొస్తాయి. పక్క రాష్ట్రంలో మైసూరులో దళితులు, ప్రగతిశీల సంఘాలవాళ్లు మహిషుణ్ణి తమ రాజని మహిష దసరా జరుపుకోవడం ఇందుకే.

ఇదంతా మాటల్లో పోయే సంగతి అనుకోవద్దు. 2015లో ఈ సినిమా మొదటి భాగం తమిళంలో ఆడినప్పుడు ఒక డైలాగులో అరుంధతీయ కులాన్ని కించపరిచే మాట ఉందని మదురైలో నిరసన జరిగింది. అరుంధతీయులంటే తమిళనాట చెప్పులు కుట్టిన కులం, ఇళ్లల్లో చాలామంది తెలుగే మాట్లాడుకుంటారు, మన మాదిగలకు దగ్గరి చుట్టాలు. ఆ మాట మేమిక్కడ పలకం. రాజకుమారుడి నోట వీరత్వం పలికించే చోట మన కులం పేరు తిట్టుగా దొర్లింది. కల్పించిన రాజ్యానికి నిజమైన కులం పేరు ఎక్కడిది? రాజ్యం కల్పితమైనా తిట్టు మాత్రం ఊళ్లోదే.

తెర మీద నల్లోడు దుర్మార్గుడైతే బడిలో మన పిల్లోణ్ణి కాలకేయుడా అని పిలుస్తారు. ఇక్కడున్న తల్లులారా, మీ పిల్లల్ని అడగండి, పిలిచారో లేదో.

ఆ పేర్ల వెనక ఉన్న అసలు కథలు

ఇంకో చిత్రం చూడండి. బాహుబలి అనే పేరు ఎక్కడిది? జైనులది. ఋషభుడి కొడుకులు భరతుడు, బాహుబలి రాజ్యం కోసం తలపడ్డారు. సైన్యాలను చంపుకోవడం ఎందుకని ఇద్దరే కొట్లాడారు. బాహుబలి గెలిచాడు. గెలిచినవాడు ఏం చేశాడు? ఈ రాజ్యం కోసమా అన్నను కొట్టబోయానని రోసి, రాజ్యం వదిలేసి అడవికి పోయి నిలబడ్డాడు. కర్ణాటకలో శ్రవణబెళగొళ కొండ మీద 57 అడుగుల ఏకశిల విగ్రహం ఆయనదే. సుమారు 981లో చెక్కించారు. ఒంటి మీద నగ లేదు, నూలుపోగు లేదు, చేతిలో కత్తి లేదు. ఆయన ఏలిన పోదనపురం తెలంగాణలోని బోధనేనని చెప్పుకుంటారు. సింహాసనాన్ని కాదన్నవాడి పేరు తీసుకొచ్చి సింహాసనం కోసం కొట్లాడేవాడికి పెట్టారు!

బిజ్జలుడు పేరు కూడా చరిత్రలో ఉంది. పన్నెండో శతాబ్దంలో కళ్యాణ పట్నం ఏలిన కలచురి రాజు బిజ్జలుడు. ఆయన దగ్గరే బసవన్న మంత్రి. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి, బ్రాహ్మణుడైన మధువరసు కూతురికి శరణులు పెళ్లి చేస్తే, రాజు ఆ తండ్రులిద్దరికీ ఘోరమైన శిక్ష వేశాడని, దాంతోనే కళ్యాణంలో కల్లోలం రేగి రాజూ పోయాడని శరణుల సంప్రదాయం చెప్తుంది. ఎంత పెద్ద కథ! తోలుపని చేసేవాడి ఇల్లూ బ్రాహ్మణుడి ఇల్లూ వియ్యమందితే ఒక రాజ్యమే కదిలిపోయింది. ఈ కథను వెయ్యి కోట్ల సినిమాగా ఎవరూ తియ్యలేదు.

మన పల్నాటి కట్టప్ప

అంత దూరం ఎందుకు? మీ ఊరికి కూతవేటు దూరంలో కారెంపూడి ఉంది. అక్కడ మాహిష్మతికి తీసిపోని కథ ఉంది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఒకరికి నాగమ్మ మంత్రి, ఒకరికి బ్రహ్మనాయుడు. ఆమె శైవం, ఈయన వైష్ణవం. కోడిపందెం పెట్టుకున్నారు, మాచర్లవాళ్లు ఓడి ఏడేళ్లు ఊరు విడిచిపోయారు. గడువు తీరాక రాయబారం పోయిన అలరాజును చంపారు. నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. ఇదంతా మాకన్నా మీకు బాగా తెలుసు.

ఆ యుద్ధంలో బ్రహ్మనాయుడి సైన్యానికి పెద్ద ఎవరు? మాల కన్నమదాసు. బ్రహ్మనాయుడు అతన్ని కొడుకుగా చూసుకున్నాడు. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందట అది చిన్న సంగతి కాదు. ఇప్పటికీ కారెంపూడి ఉత్సవాల్లో చాపకూడు పెడుతున్నారు. ఆ వీరుల కథను తరతరాలుగా నోటికి నేర్చి పాడుతున్న వీర విద్యావంతులు మాలలే. కత్తి పట్టినవాడు మనవాడు, కథ బతికించినవాడు మనవాడు.

బ్రహ్మనాయుణ్ణి తక్కువ చెయ్యడానికి మేము రాలేదు. ఆయన బాహుబలి కన్నా చాలా ముందుకు పోయాడు. మాలవాణ్ణి సేనాపతిని చేశాడు, పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. అయినా ఒక్క సంగతి అడుగుదాం. యుద్ధం అయిపోయింది, వీరులు రాళ్లయ్యారు, బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి పోయాడంటారు. తర్వాత ఏమైంది? మాలపల్లె మాలపల్లెగానే ఉంది. మాదిగపల్లె మాదిగపల్లెగానే ఉంది. ఊరబావి ఊరబావిగానే ఉంది. చాపకూడు ఏడాదికోసారి పండగయింది.

ఎందుకట్లా? చాప పరిచింది ఆయన. పరిచినవాడు లేకపోతే చాప చుట్టేస్తారు. ఒక మంచివాడి మనసు మీద నిలబడ్డ సమానత్వం ఆ మంచివాడితోనే పోతుంది. అది హక్కుగా రాసి ఉండాలి. రాసినదాన్ని అమలు చేయించుకునే బలం మన చేతిలో ఉండాలి. రాత్రి అడిగిన తమ్ముడా, నీ ప్రశ్నకు మా జవాబు ఇదే. మంచి రాజు ఉంటే చాలదు. అసలు రాజే ఉండకూడదు.

కత్తి పట్టినా తీరని బాకీ

సైన్యంలో చేరితే, కత్తి పడితే గౌరవం వస్తుందని కొందరనుకుంటారు. మహర్ల కథ వినండి. పీష్వాల రాజ్యంలో మహరు మెడలో ముంత కట్టుకుని, నడుముకు చీపురు కట్టుకుని నడవాల్సి వచ్చేదని బాబాసాహెబ్ రాశారు. అలాంటి మహర్లు ఇంగ్లీషు కంపెనీ సైన్యంలో చేరి 1818 జనవరి 1న కోరేగావ్ దగ్గర పీష్వా సైన్యానికి ఎదురు నిలిచారు. అక్కడి స్తంభం మీద చనిపోయినవాళ్ల పేర్లలో వాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. 1927 జనవరి 1న బాబాసాహెబ్ ఆ స్తంభం దగ్గరకు పోయి నిలబడ్డారు. ఆయన తండ్రి రాంజీ కూడా సైన్యంలో సుబేదారే.

కానీ ఏమైంది? తర్వాత ఇంగ్లీషోళ్లు కొన్ని కులాలే యుద్ధ జాతులని లెక్కలు కట్టి, 1890ల మొదట్లో మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు. అవసరమున్నన్నాళ్లు వీరుడు, అవసరం తీరాక అంటరానివాడు. ఆ సుబేదారు కొడుకు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు, ఎవరన్నా పైనుంచి పోస్తే తప్ప మంచినీళ్లు తాగలేకపోయాడు. అందుకే ఆయన కోరేగావ్ దగ్గర ఆగిపోలేదు. అదే 1927లో మార్చి 20న మహాడ్ చెరువుకు పోయి నీళ్లు తాగారు. కత్తి ఎవరి కోసం పట్టావన్నది ఒకటి, చెరువు ఎవరిది అన్నది ఒకటి. రెండోదే అసలు యుద్ధం.

చెరువు అంటే మనకు కారంచేడు గుర్తొస్తుంది. సినిమాలో దేవసేన తన మీద చెయ్యి వెయ్యబోయినవాడి వేళ్లు నరికితే మనమంతా చప్పట్లు కొట్టాం. కొట్టాల్సిందే. కారంచేడులో తాగే నీళ్లు పాడుచెయ్యొద్దని అడ్డం తిరిగి బిందె ఎత్తింది ఒక మాదిగ ఆడబిడ్డ. ఆమె వెనక సింహాసనం లేదు. 1985 జూలై 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ నెత్తుటి మీద, దేశంలో ఇంకెన్నో ఊళ్ల నెత్తుటి మీద 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దేవసేన చేతిలో కత్తి ఉంది. మన ఆడబిడ్డ చేతిలో ఉన్నది ఆ చట్టం. దాన్ని తుప్పు పట్టనివ్వడమా, పదును పెట్టడమా అన్నది మన పని.

ఇయ్యాల మనం ఎవరి కట్టప్పలం?

ఇప్పుడు కొంచెం చేదు మాట చెప్తాం, కోపం తెచ్చుకోవద్దు. మేము ఊళ్లోకి వస్తుంటే రోడ్డు పొడుగూతా ఫ్లెక్సీలు చూశాం. ఒక నాయకుడి మొహం బాహుబలి ఒంటికి అతికించారు. ఇంకో పార్టీ నాయకుడిది కూడా బాహుబలే. కింద చిన్న చిన్న బొమ్మల్లో మన కుర్రోళ్లు చేతులు జోడించి ఉన్నారు. ఇద్దరు నాయకులూ ఒకే ఇంటి కులం, ఒకరికొకరు వియ్యపురాలవరస. గొడవైతే ఎవరి తలలు పగులుతున్నాయి? కేసులు ఎవరి మీద పడుతున్నాయి? కోర్టు వాయిదాలకు కూలి మానుకుని తిరిగేదెవరు? ఈ పల్నాడులో ఆ సంగతి మేము విడమరిచి చెప్పాలా? అన్నదమ్ములు సింహాసనం కోసం కొట్టుకుంటుంటే మాలపల్లె ఒక అన్న వైపు, మాదిగపల్లె ఇంకో అన్న వైపు నిలబడి ఒకరి వెన్నులో ఒకరం పొడుచుకుంటున్నాం. ఎందుకు పొడిచావంటే పైవాళ్లు చెప్పారంటున్నాం. కట్టప్ప చెప్పిందీ అదేగదా!

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చివరి ప్రసంగం చేశారు. అందులో ఆయన చేసిన ఒక హెచ్చరిక అర్థం మన మాటల్లో చెప్తాం. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చేమో గానీ, రాజకీయాల్లో భక్తి, వ్యక్తిపూజ పతనానికి, చివరికి నియంతకు దారి తీస్తాయన్నారు. ఎంత గొప్పవాడైనా సరే, మీ స్వేచ్ఛను తీసుకెళ్లి అతని కాళ్ల దగ్గర పెట్టొద్దన్నారు. నెత్తి మీద పాదం పెట్టించుకున్న కట్టప్ప బొమ్మ పక్కన ఈ మాట పెట్టి చూడండి. రాజ్యాంగం మనకేమిచ్చిందో అర్థమవుతుంది.

ఆ రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకొచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఎవరి తాతముత్తాతలు ఏ సింహాసనానికి ఏ మాట ఇచ్చినా, ఆ మాట చెల్లదని దాని అర్థం. కట్టప్ప కొడుక్కీ, బాహుబలి కొడుక్కీ ఒక్కటే ఓటు. అది ఏ రాజూ దయతో పెట్టిన చాపకూడు కాదు. అంటరాని కులంలో పుట్టినవాడు కూర్చుని రాయించిన హక్కు.

హక్కు రాసి ఉంటే సరిపోదని మీరంటారు. నిజమే. కాగితం మీద రద్దయిన వెట్టి పొలంలో రద్దు కావడానికి సంఘం కావాలి. అందుకని ఈ సభలో మూడు పనులు అడుగుతున్నాం. ఒకటి, ఏ నాయకుడి ఫ్లెక్సీలోనూ మన పిల్లల బొమ్మ చేతులు జోడించి ఉండకుండా చూద్దాం. డబ్బులు పోగయితే బడి పిల్లలకు పుస్తకాలు కొందాం. రెండు, వాళ్ల గొడవల్లో మాలపల్లె మాదిగపల్లె మీదకు, మాదిగపల్లె మాలపల్లె మీదకు పోదని రెండు పల్లెల పెద్దలూ కూర్చుని అనుకోవాలి. ఈ చాప మనమే పరుచుకుందాం. మూడు, మన కథలు మన పిల్లలకు చెప్పాలి. భూమికన్నా ఆరు నెలల ముందు పుట్టాడని డక్కలివాళ్లు పాడే ఆదిజాంబవుడి కథ, కన్నమదాసు కథ, హరళయ్య కథ, మహాడ్ చెరువు కథ. వచ్చే జయంతికి ఆ తెర మీద సినిమా వేసుకోండి, మేమొచ్చి చూస్తాం. దానికి ముందు ఒక గంట మాత్రం మీ ఊరి ముసలామె చేత, వీర విద్యావంతుల చేత ఈ కథలు చెప్పించండి.

సినిమా చూడొద్దని మేము చెప్పం. ఈల వెయ్యొద్దని చెప్పం. కట్టప్ప తెర మీదకొచ్చినప్పుడు పక్కనున్న పిల్లోణ్ణి ఒక్క ప్రశ్న అడగండి చాలు. "ఇతను ఎందుకు చంపాడు అని కాదురా, ఎందుకు బానిసయ్యాడు?" ఆ పిల్లోడు ఆలోచించడం మొదలుపెడితే మాహిష్మతి కోటలో ఒక రాయి కదిలినట్టే.

జై భీమ్.